కనబడని బోల్టుకు కాగితం తనిఖీ చాలునా?

బెంగళూరు చిక్కపేట మెట్రో స్టేషనులో మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీద నిలుచున్న ప్రయాణికుడు రైలు వచ్చే దిక్కుకు చూస్తాడే గాని తల పైకెత్తి చూడడు. అందుకు అతనిని తప్పు పట్టవలసిన పని లేదు. ఏ భూగర్భ స్టేషనులోనైనా సూచిక పలకలు, దీపాలు, లౌడ్‌స్పీకర్లు, విద్యుత్ కేబుళ్లను మోసే ఇనుప తట్టలు, గాలి గొట్టాలు మనుషుల నెత్తి మీదనే ఉంటాయి. వాటిలో అధికభాగం కాంక్రీటుకు రంధ్రం చేసి బిగించిన బోల్టులనే నమ్ముకొని వేలాడుతుంటాయి. సంపిగె రోడ్డు, నేషనల్ కాలేజీల మధ్య భూగర్భ మార్గం 2017 జూన్‌లో ప్రారంభమైన నాటి నుండి మన సరిహద్దు తాలూకాల వారెందరో ఆ మార్గంలోనే పేటకు పోయి వస్తున్నారు. ధర్మవరం చీరల మూట పట్టుకొని పోయేవారు, హిందూపురం రైలు దిగి పెండ్లి బట్టలకు పోయేవారు వారిలో ఉన్నారు.

స్టేషను వెలుపలికి వచ్చి మామూలుపేట, నగర్తపేట, అవెన్యూ రోడ్డు సందులలోకి నడిస్తే అదే బోల్టు మరొక రూపంలో కనిపిస్తుంది. దుకాణాల నామఫలకాలు, రెండవ అంతస్తు గోడకు తగిలించిన ఏ.సి. యంత్రాల బయటి పెట్టెలు, ఇనుప మెట్లు, ఎండకు వేసిన రేకుల చూరులు అన్నీ దాని ఆధారంతోనే నిలిచి ఉన్నాయి. కింద సందులో ఇద్దరు ఒకరినొకరు తప్పించుకొని నడవడమే కష్టం. అక్కడ పైనుండి ఒక చిన్న వస్తువు జారినా ఎవరో ఒకరి మీద పడక తప్పదు.

మెట్రో స్టేషనులో లోపమున్నదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేను ఇంజనీరును కాను. కన్నడం, తెలుగు రెండు భాషలలో పాఠం చెప్పుకునే ఉపాధ్యాయుడిని. ఈ విషయం నా దగ్గరకు వచ్చిన దారి వేరు. మా పాఠశాలలో పదవ తరగతి చదివి, తరువాత బెంగళూరులో డ్రిల్లింగ్ మిషను పట్టుకొని బ్రతుకుతున్న ఒక శిష్యుడు మొన్న పండుగకు ఊరికి వచ్చినపుడు ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. అది వాళ్ల గుత్తేదారు ఇచ్చిన ఆంగ్ల తనిఖీ పత్రం. కాంక్రీటులో బిగించిన యాంకర్ బోల్టులను పరిశీలించి సంతకం చేయడానికి ఉద్దేశించినది. ముఠాలో సగం మంది తెలుగువారు, మిగిలినవారు పావగడ, గౌరిబిదనూరు వైపు కన్నడిగులు. రెండు భాషలలో రాసి ఇమ్మని అతని కోరిక.

కాగితంలో ఏడు పంక్తులు ఉన్నాయి. ప్రతి పంక్తి చివర ఒక గడి, గడిలో టిక్కు. "రంధ్రం శుభ్రత తృప్తికరం", "బిగింపు తృప్తికరం", "రూపం తృప్తికరం" అని అనువదించుకుంటూ పోయిన నాకు నాలుగవ పంక్తి దగ్గర చేయి ఆగిపోయినది. ఎవరికి తృప్తి? దేనితో కొలిచిన తృప్తి? తనిఖీ అనే మన మాటకు కన్నడంలో తపాసణె అంటారు. రెండు మాటలలోనూ వెతకడం, తవ్వి చూడడం అనే అర్థం ధ్వనిస్తుంది. ఈ కాగితంలో వెతకడానికి ఏమీ మిగలలేదు.

"ఏమప్పా, ఇది ఎప్పుడు నింపుతారు?" అని అడిగాను.

"పనైనాక సార్. రంధ్రం ఊదినామో లేదో అడిగేకి ఎవరూ రారు. బోల్టు చేత్తో కదిపి చూస్తారు, టిక్కు పెట్టి పోతారు."

విషయమంతా ఈ జవాబులోనే ఉన్నది. గోడ వంకర కడితే కంటికి కనబడుతుంది. రంగు సరిగా వేయకపోతే మరుసటి వర్షానికి బయటపడుతుంది. కాంక్రీటులోని యాంకరు అట్లా కాదు. పని పూర్తయిన క్షణం నుండి తన మంచిచెడ్డలను తానే దాచుకుంటుంది. బయట కనిపించేది నట్టు, దాని కింద వాషరు, అంగుళం పొడవు మర. లోపల రంధ్రం ఎంత లోతున్నదో, దుమ్ము ఊదారో లేదో, జిగురు నిండుగా పోశారో సగం పోశారో ఆ తరువాత చూచే కంటికి తెలియదు. కాబట్టి పని పూర్తయిన తరువాత మాత్రమే చేసే తనిఖీ, ఎంత నిజాయితీపరుడు చేసినా, చాలావరకు ఊహయే.

ఇక్కడ యాంకరు పనిచేసే తీరు కొంత చెప్పుకోవలసి ఉన్నది. సదర్ పత్రప్ప రోడ్డు హార్డువేరు దుకాణాలలో "ఫాస్నర్" అని అడిగితే ఇచ్చేది ప్రధానంగా వ్యాకోచించే రకం. నట్టు బిగించే కొద్దీ దాని అడుగున ఉన్న కోను లోపలికి లాగబడి, చుట్టూ ఉన్న తొడుగును విప్పార్చి, రంధ్రం గోడలకు అదుముతుంది. ఆ ఒరిపిడియే దాని బలం. రెండవది రసాయనిక రకం. రంధ్రంలో ఎపాక్సీ వంటి జిగురు నింపి మరచువ్వను తిప్పుతూ లోపలికి దింపుతారు. జిగురు గట్టిపడి చువ్వను, కాంక్రీటును ఒకటిగా పట్టి ఉంచుతుంది. మొదటి రకానికి రంధ్రం వ్యాసం, బిగింపు ముఖ్యం. రెండవ రకానికి శుభ్రత ప్రాణం. దుమ్ము మిగిలిన రంధ్రంలో జిగురు దుమ్మును పట్టుకుంటుంది గాని కాంక్రీటును పట్టుకోదు.

లోతు విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. బోల్టును బలంగా లాగితే కాంక్రీటు శంకువు ఆకారంలో పెళ్లగిలి వస్తుంది. ఆ శంకువు బలం లోతుకు ఒకటిన్నర ఘాతంతో మారుతుందని నేటి డిజైను సూత్రం. 110 మిల్లీమీటర్ల లోతు చేయవలసిన చోట 80 మిల్లీమీటర్లే చేసి, మిగిలిన మరను కటింగ్ మిషనుతో కోసి వేశారనుకోండి. తగ్గిన లోతు 27 శాతం. తగ్గిన బలం సుమారు 38 శాతం. ఎందుకు కోస్తారంటే, డ్రిల్లింగ్ బిట్టు లోపలి ఇనుప చువ్వకు తగిలి ఆగిపోతుంది. మరో చోట కొత్త రంధ్రం చేయాలంటే పైన బిగించే ప్లేటుకు కూడా రంధ్రం మార్చాలి. సాయంత్రం ఆరు గంటలకు, నిచ్చెన మీద నిలుచున్న మనిషికి, కింద నుండి మేస్త్రీ తొందర పెడుతుండగా, ఏది సులభమో ఊహించవచ్చు. అతనిని దుర్మార్గుడని అనలేము. చువ్వ తగిలినపుడు ఏమి చేయాలో చెప్పే పంక్తి ఆ ఏడింటిలో లేదు.

ఈ నిర్లక్ష్యం ఏమి చేయగలదో ప్రపంచం రెండు సార్లు చూచినది. 2006 జూలై 10 రాత్రి అమెరికాలోని బోస్టన్ నగరంలో, లోగన్ విమానాశ్రయానికి పోయే సొరంగ మార్గంలో ఒక కారు వెళ్తుండగా పైకప్పు నుండి కాంక్రీటు పలకలు, వాటిని మోసే ఇనుప సామగ్రి కూలి మీద పడ్డాయి. వాటి బరువు సుమారు 26 టన్నులు. కారులోని మహిళ మరణించినది, నడుపుతున్న భర్త బయటపడ్డాడు. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి ఏడాది పాటు పరిశోధించి 2007 జూలైలో నివేదిక ఇచ్చినది. పలకలను పట్టి ఉంచిన రసాయనిక యాంకర్లలో వాడిన త్వరగా గట్టిపడే ఎపాక్సీ, ఎడతెగని బరువు కింద నెమ్మదిగా సాగిపోయే స్వభావం కలదని తేల్చినది. ఇంజనీర్లు దీనిని క్రీప్ అంటారు. వేసవిలో తారు రోడ్డు మీద ఆగిన లారీ చక్రం కింద తారు కుంగినట్లు, జిగురు కనబడకుండా రోజుకింత జారుతుంది.

ఇందులో మన విషయానికి పనికివచ్చేది మరొకటి ఉన్నది. ఆ బోల్టులు బిగించినపుడు తనిఖీ జరగకపోలేదు. లాగి చూచే పరీక్ష చేశారు, బోల్టులు నిలిచాయి. కొద్ది నిమిషాల లాగుడుకు నిలిచే జిగురు కొన్నేళ్ల లాగుడుకు నిలవకపోవచ్చునన్నది ఆ పరీక్ష పట్టుకోలేదు. అంతకన్నా విచారకరమైనది, 1999లోనే కొన్ని బోల్టులు జారుతున్నట్లు పనివారు గమనించారు. వాటిని తీసి తిరిగి బిగించి, మళ్లీ లాగి చూచి, సరిపోయినదని ముందుకు పోయారు. ఎందుకు జారాయన్న ప్రశ్నకు జవాబు దొరకకుండానే గడిలో టిక్కు పడినది. తరువాత సొరంగం తెరిచాక 2003 నుండి 2006 వరకు క్రమంగా పైకప్పు వెనుకకు పోయి చూచి ఉంటే, జారిన బోల్టులు కంటికి కనబడి ఉండేవని కూడా మండలి అభిప్రాయపడినది. మూడేళ్లలో నిచ్చెన ఎక్కి చూడడానికి ఎవరి పేరూ రాసి లేదు.

రెండవది జపాను. 2012 డిసెంబరు 2న యమనాషి ప్రాంతంలోని ససాగో సొరంగంలో పైకప్పు పలకలు వంద మీటర్లకు పైగా కూలి తొమ్మిదిమంది మరణించారు. 1977లో తెరిచిన సొరంగమది. అక్కడ కూడా పలకలను మోసినవి జిగురుతో పట్టించిన బోల్టులే. ఆ ఏడాది సెప్టెంబరులోనే తనిఖీ జరిగినది. అయితే పైకప్పు పైభాగాన బోల్టులను సుత్తితో తట్టి శబ్దం వినే పరీక్ష చేయలేదు, కంటితో చూచి సరిపెట్టారు. తరువాత ఆ దేశం సొరంగాలను, వంతెనలను అయిదేళ్లకొకసారి చేతికందే దూరం నుండి చూడవలసినదేనని 2014లో నియమం పెట్టినది. చేతికందే దూరం అన్న మాట నాకు నచ్చినది. కింద నిలిచి టార్చి వేసి చూడడం తనిఖీ కాదని ఒక్క మాటలో చెప్పినట్లయినది.

మన తెలుగు నేల మీద 2019 సెప్టెంబరు 22న హైదరాబాదు అమీర్‌పేట మెట్రో స్టేషను వద్ద వానకు తలదాచుకున్న ఒక యువతి పైనుండి ఊడిపడిన పెచ్చు తగిలి మరణించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది యాంకరు వైఫల్యం కాదు. అయినా తల మీద ఉన్నదాన్ని దగ్గరగా పోయి చూచేవారెవరన్న ప్రశ్న అక్కడా ఉన్నది.

మరి తనిఖీ విధానం ఎట్లా రాయాలి? విదేశాలలో దీనికి దారి వేసి ఉంచారు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి 318వ నంబరు నియమావళి 2011 ప్రతి, అడ్డంగా గాని పైకి గాని బిగించి ఎడతెగని లాగుడు మోసే రసాయనిక యాంకర్లను పరీక్ష పాసైన పనివాడే బిగించాలని, బిగించేటపుడు పర్యవేక్షకుడు అక్కడే నిలిచి చూడాలని విధించినది. కాంక్రీటు వయస్సు కనీసం 21 రోజులు ఉండాలన్నది కూడా అందులోనిదే. బ్రిటన్‌లో 2012 నాటి బి.ఎస్. 8539 ప్రమాణం యాంకరును ఎంచినవారు, బిగించినవారు, చూచినవారు ఎవరెవరు దేనికి బాధ్యులో విడదీసి చెప్పినది. మన దేశంలో గోడలు, పైకప్పులు, నేలలకు వస్తువులు బిగించే సాధనాలపై ఐ.ఎస్. 1946 అనే నియమావళి ఉన్నది. అది మొదట 1961లో వెలువడినది. నేటి రసాయనిక యాంకర్ల వాడుక అప్పటి సంగతి కాదు. కనుక పెద్ద పనులలో మన ఇంజనీర్లు సాధారణంగా యూరపు ఆమోద పత్రాలను ఆశ్రయిస్తారు. చిక్కపేటలో బోర్డు తగిలించేవానికి ఆ పత్రాలు ఎవరు చూపుతారు?

నా బుద్ధికి తోచినంతలో, విధానం రాసేటపుడు మొదటి ప్రశ్న బోల్టు గురించి కాదు, గోడ గురించి ఉండాలి. చిక్కపేటకు ఇది మరీ ముఖ్యం. కెంపేగౌడ 1537లో పేటను నెలకొల్పిన చోట నేటికీ పాత కట్టడాలు కొత్తవాటితో భుజం కలిపి నిలిచి ఉన్నాయి. ముందు వైపు నున్నగా సిమెంటు పూత, పైన రంగు. లోపల సున్నపు గారతో పేర్చిన ఇటుక. కాంక్రీటు కోసం తయారైన వ్యాకోచించే యాంకరును అటువంటి గోడలో బిగిస్తే అది ఇటుకను చీల్చుతుంది, లేదా మెత్తని గారలో తిరుగుతూనే ఉంటుంది. డ్రిల్లు బిట్టు వెంట వచ్చే పొడిని చూస్తే పనివానికి ఆ క్షణమే తెలిసిపోతుంది: బూడిద రంగైతే కాంక్రీటు, ఎర్రనిదైతే ఇటుక. "పొడి రంగు ఏమిటి? ఎర్రగా వస్తే పని ఆపి చెప్పు" అన్న రెండు మాటలు కాగితంలో ఉంటే, నాలుగు పేజీల ఆంగ్లం కన్నా అవి ఎక్కువ పని చేస్తాయి.

కాంక్రీటే అయినా, పైకప్పు శ్లాబు అడుగు భాగంలో సన్నని పగుళ్లు ఉండడం సహజం. పగిలిన కాంక్రీటులో పనిచేయగల యాంకర్లు వేరు, పగలని దానికి మాత్రమే ఆమోదం పొందినవి వేరు. యూరపు ఆమోద పత్రాలలో మొదటివాటిని ఆప్షన్ 1 అని, రెండవవాటిని ఆప్షన్ 7 అని పేర్కొంటూ వచ్చారు. ధరలో తేడా ఉంటుంది గనుక తలమీద వేలాడేదానికి చవక రకం వాడే ప్రమాదం ఉన్నది. పెట్టె మీది అచ్చును ఫోటో తీసి దాచడం ఒక నిమిషం పని.

తరువాత ఆగవలసిన చోట్లు. రంధ్రం చేసిన తరువాత, బోల్టు పెట్టకముందు ఒక ఆగుడు ఉండాలి. అప్పుడే స్కేలు దింపి లోతు కొలవాలి. శ్లాబు అంచు నుండి దూరం కొలవాలి. 110 మిల్లీమీటర్ల లోతు బోల్టుకు పూర్తి బలం రావాలంటే అంచు సుమారు 165 మిల్లీమీటర్ల దూరాన ఉండాలి, పక్క బోల్టు 330 మిల్లీమీటర్ల దూరాన ఉండాలి. అంతకన్నా దగ్గరైతే పెట్టకూడదని కాదు, తగ్గిన బలాన్ని ఇంజనీరు లెక్క వేసి ఒప్పుకొని ఉండాలి. రసాయనిక రకమైతే గాలితో ఊదడం, తీగె బ్రష్షుతో రుద్దడం, మళ్లీ ఊదడం, ఇవి తయారీదారు చెప్పినన్ని సార్లు జరిగాయో లేదో కళ్లారా చూచినవాడే సంతకం చేయాలి. జిగురు గొట్టం మీది గడువు తేదీ, ఆనాటి ఎండ వేడి, ఎన్ని గంటలకు బరువు పెట్టారు అన్నవి రాయాలి. చల్లని ఉదయం జిగురు ఆలస్యంగా గట్టిపడుతుంది.

బిగింపు దగ్గర తనిఖీదారు కూడా పొరబడే అవకాశం ఉన్నది. వ్యాకోచించే యాంకరును కొలత గల టార్క్ పానాతో నిర్దేశించినంత బిగిస్తారు. కొన్ని రోజుల తరువాత అదే పానా పెట్టి చూస్తే కొలత చాలా తక్కువ చూపవచ్చు. లోపలి పట్టు కొంత సడలి కుదుటపడడం సహజమే గాని అది పాడైనదనడానికి గుర్తు కాదు. ఇది తెలియని పర్యవేక్షకుడు బోల్టులన్నీ తిరస్కరిస్తాడు, లేదా అందరినీ మళ్లీ మళ్లీ బిగించమని పాడు చేయిస్తాడు. బిగించిన నాడే చూడవలసినది బిగించిన నాడే చూడాలి.

లాగి చూచే పరీక్ష వద్దనడం లేదు. బ్రిటను వారి పద్ధతిలో నలభైకి ఒకటి చొప్పున, మూడింటికి తగ్గకుండా, మోయవలసిన బరువుకు ఒకటిన్నర రెట్లు లాగి చూస్తారు. ఒకటి విఫలమైతే కారణం వెతికి పరీక్షల సంఖ్య రెట్టింపు చేస్తారు. ఒకటికి మించి విఫలమైతే అన్నింటినీ లాగవలసినదే. ఇక్కడ ఉపాధ్యాయునిగా ఒక మాట. ఏ కాపీలు దిద్దుతారో పిల్లలకు ముందే తెలిస్తే ఆ కాపీలే చక్కగా ఉంటాయి. లాగవలసిన బోల్టును బిగించినవాడు ఎంచకూడదు. నిచ్చెనకు దగ్గరగా ఉన్నదని ఎంచడం అసలే కూడదు.

"ఒక బోర్డు తగిలించడానికి ఇంత తతంగమా?" అని చిక్కపేట దుకాణదారు అడిగితే అతని వాదనలో న్యాయం లేకపోలేదు. బోర్డు కట్టేవాడు వందల రూపాయల కూలికి వచ్చేవాడు, ఇంజనీరును పిలిచే స్తోమత అందరికీ లేదు. కాబట్టి బరువును, ఎత్తును బట్టి విధానం రెండు మెట్లుగా ఉండడం మేలు. అరచేతంత దీపానికి ఒక పేజీ చాలు. మనిషి నెత్తి మీద వేలాడే ఏ.సి. పెట్టెకు, ఇనుప మెట్లకు, పెద్ద బోర్డుకు పూర్తి విధానం కావాలి. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో భారీ హోర్డింగు కూలి 17 మంది మరణించినపుడు దేశమంతా హోర్డింగుల లెక్క తీశారు. అక్కడ లోపించినది పునాది. గోడకు తగిలించిన చిన్న బోర్డుల లెక్క తీయడానికి మాత్రం మరొక ఘటన కోసం వేచి ఉండనవసరం లేదు.

2025 సెప్టెంబరులో బృహత్ బెంగళూరు మహానగర పాలికె స్థానంలో ఐదు నగర పాలికెలు ఏర్పడినాయి. చిక్కపేట ప్రాంతం బెంగళూరు కేంద్ర నగర పాలికెలోకి వచ్చినది. కొత్త సంస్థ కొత్తగా నియమాలు రాసుకునే కాలమిది. వ్యాపార లైసెన్సుతో పాటు నామఫలకం బిగించిన తేదీ, బిగించినవారి పేరు, మళ్లీ చూడవలసిన తేదీ ఒక్క పేజీలో అడగడం వారికి పెద్ద భారం కాబోదు. అది కన్నడంలో ఉండాలి, పని చేసేవారి కోసం తెలుగు, తమిళం, హిందీలలో కూడా ఉండాలి.

శిష్యునికి నేను రాసి ఇచ్చిన కాగితంలో తృప్తికరం అన్న మాట లేదు. పొడి రంగు, రంధ్రం లోతు అంకెలలో, ఎన్ని సార్లు ఊదారు, చువ్వ తగిలితే ఎవరికి ఫోను చేశారు, చూచినవారి పేరు, మళ్లీ చూడవలసిన నెల, ఇవి రెండు భాషలలో ఉన్నాయి. గడులు తీసివేసి గీతలు పెట్టాను. టిక్కు పెట్టడానికి చోటు లేదు, అంకె రాయవలసినదే. వారం తరువాత ఫోను చేశాడు. మేస్త్రీ చదివి అన్నీ ఒప్పుకున్నాడట, చివరి గీత తప్ప. పని అప్పగించిన తరువాత మళ్లీ ఎక్కి చూచే బాధ్యత తమది కాదని కొట్టివేశాడట. కట్టడం యజమానిని అడిగితే, అది గుత్తేదారు పనేనని ఆయన అన్నాడట. ఆ గీత ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది.